కోనసీమ తగువులు కోనసీమలోనే చదవాలి

1951లో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల అమలాపురంలో పుట్టేనాటికి మనది ఇంకా మద్రాసు రాష్ట్రం. అప్పట్లో పైచదువంటే ఏరు దాటడమే. కాకినాడ పి.ఆర్. కాలేజీకి పోవాలన్నా, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చేరాలన్నా ట్రంకుపెట్టె పట్టుకుని రేవులో పంటి కోసం కాచుకోవాలి. యానాం–ఎదుర్లంక వంతెన వచ్చింది 2002లో. ముక్తేశ్వరం రేవులో పంటి ఎక్కి కోటిపల్లి చేరేవాళ్లు ఆ తర్వాతా ఉన్నారు: అరటిగెలలు, వాటికి ఆనించిన మోటారుసైకిళ్లు, ఆ సందులో పుస్తకాల సంచులతో పిల్లలు. పిల్లల్ని ఏరు దాటించి, పట్నంలో గది అద్దె కట్టలేని ఇళ్లకు మన కాలేజీ చదువును సైకిలు దూరానికి తెచ్చింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద దశాబ్దాలు, 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని కింద, ఎన్ని బ్యాచిలు వెళ్లాయో! టీచర్లు, ప్లీడర్లు, బ్యాంకు ఉద్యోగులు అయినవాళ్ల జాబితా ఈ జూబ్లీ సంచికలో వేరే వ్యాసాల్లో ఉంటుంది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని ఒకటి ఉంది. అగ్రహారం పిల్లాడు, పేట పిల్లాడు, లంకల నుంచి వచ్చిన పిల్లాడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. సాయంత్రం మళ్లీ ఎవరి వీధికి వాళ్లు వెళ్లిపోయారన్నదీ నిజమే. ఆ బెంచీకీ ఆ వీధికీ మధ్య ఉన్న దూరాన్ని చదివే పని మాత్రం డెబ్బై ఐదేళ్లలో మనం సరిగా పెట్టుకోలేదు.

ఆ దూరం ఎంతో 2022లో బయటపడింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టేందుకు ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. ఆ పేరును వ్యతిరేకిస్తూ జరిగిన అల్లర్లలో మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి, పోలీసులు గాయపడ్డారు. 144 సెక్షన్ పెట్టారు, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. జనాన్ని పోగుచేయడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర ఉందని పోలీసులే చెప్పారు. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. రాజ్యాంగం రాసినవాడి పేరు మన జిల్లాకు ఉండటం నాకు గర్వం. ఆ గర్వంలో సగం ఊరు ఎందుకు పాలుపంచుకోలేకపోయిందన్నదే నన్ను తొలుస్తున్న ప్రశ్న.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం పేరు 'గుడిసెలు కాలిపోతున్నాయి'. ఇళ్లు కాలడం అంటే ఏమిటో మన గడ్డ మీద పుట్టిన కవి అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆయన్ని తెలుగు క్లాసులో చదివాం, మార్కులు తెచ్చుకున్నాం. మన వీధుల గురించి ఆయన ఏం చెప్పాడన్న చర్చ క్లాసు దాటి రాలేదు.

తగువులన్నీ నిప్పు పెట్టడంతోనే తేలవని చూపించింది కూడా కోనసీమే. 2011 ఖరీఫ్‌లో మన రైతులు పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర ఖర్చులకు చాలదు, మురుగుకాలువల్లో పూడిక తీయరు, ధాన్యం కొనేవాడు లేడు. వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా వదిలేశారు. ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, దేశమంతా కోనసీమ వైపు చూసింది. రైతుల కష్టాలు తెలుసుకోవడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయక తప్పలేదు. అయితే నాట్లు లేకపోతే నాట్లు వేసే ఆడకూలీకి ఆ నెల తిండెలా? కౌలు రైతు పరిస్థితి ఏమిటి? హింస లేని పోరాటం ఖర్చు ఎవరి నెత్తిన పడిందన్న లెక్క తీయాలి. ఇలా తగువులను చదివే శాంతి అధ్యయనం అంటే నాకు తెలిసింది ఇదే: ఎవరెవరు ఏం పోగొట్టుకున్నారు, ఎవరితో మాట్లాడారు, ఎవరిని పిలవలేదు. 2023 మార్చిలో ముఖ్యమంత్రి దగ్గర వివిధ వర్గాల నాయకులు కూర్చున్నాక 2022 అల్లర్ల కేసుల ఉపసంహరణకు ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ రాజీ పేటల్లో ఎలా దిగింది, ఎవరికి మింగుడుపడలేదు అని అడిగి రాసుకోవలసిన చోటు కాలేజీయే. తహసీల్దారు ఆఫీసులో శాంతి కమిటీ టీ తాగి లేచిపోయాక ఆ సంగతి పట్టించుకునేవాళ్లు ఉండరు.

ఈ చదువుకు డబ్బు రాలేదని కాదు, నిలవలేదు. గాంధీ, అంబేడ్కర్, బుద్ధుడి ఆలోచనల మీద అధ్యయన కేంద్రాలకు యూజీసీ పథకాల కింద నిధులిచ్చింది. పదకొండో ప్రణాళికలో సామాజిక వెలివేత మీద పరిశోధనకు చాలా విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు పెట్టారు. హైదరాబాద్‌లోనే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒకటి, ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఒకటి ఉన్నాయి. పన్నెండో ప్రణాళిక 2017 మార్చి 31తో ముగిసేసరికి వాటి మీద కత్తి వేలాడింది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో కాంట్రాక్టు మాస్టార్లకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు వచ్చాయి. మన రాష్ట్రంలో 2021లో ఎయిడెడ్ కాలేజీల గ్రాంటు వెనక్కి తీసుకునే ప్రయత్నం జరిగింది. తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కాక ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. నిధులకు కోత పడినప్పుడల్లా ముందు పోయేది చరిత్ర, రాజనీతి, తత్వశాస్త్రం పోస్టులే. మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతుంది.

అందుకే మన కాలేజీ జూబ్లీ నిధిలోంచి ఒక భాగం ఈ శాంతి అధ్యయనానికి విడదీయమని అడుగుతున్నాను. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1973లో శాంతి అధ్యయన విభాగం మొదలైంది క్వేకర్లు పోగుచేసిన విరాళాలతో. థాచర్ కాలంలో ఆ విభాగం పాలకులకు కంటగింపయింది, అయినా నిలబడింది. జనం డబ్బుకు ఉండే బలం అది. మనకూ వెన్నెముక ఉన్న పెద్దలు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో సత్యాగ్రహుల మీద బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా పదవి వదులుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం గొడుగు కిందే మన కాలేజీ పెరిగింది.

భారీ భవనం వద్దు. బ్యాంకులో డిపాజిట్, దాని వడ్డీతో ఒక అధ్యాపకుడు, ఇద్దరు పేద విద్యార్థులకు పరిశోధన వేతనం చాలు. హైదరాబాద్, అమెరికాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు పెద్ద మొత్తాలు ఇస్తారు. కువైట్, మస్కట్ ఇళ్లలో పనిచేస్తూ డబ్బు పంపే మన ఆడపడుచుల నుంచి వంద రూపాయలైనా తీసుకోవాలి, వాళ్ల తరఫు మనిషి కూడా ఈ నిధిని చూసే కమిటీలో కూర్చోవాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు ప్రాంతాల నుంచీ, అన్ని పేటల నుంచీ సభ్యులు ఉండాలి. దాతల పేరుతో పాఠం మారకూడదని తీర్మానంలోనే రాయాలి.

మొదటి ఏడాది పని కూడా చెబుతాను. 2011లో పొలం బీడు పెట్టిన రైతులు, ఆ ఏడాది పని లేక కూర్చున్న కూలీలు, 2022లో కొడుకు పేరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కిన తల్లులు, ఆ అల్లర్లలో దెబ్బలు తిన్న కానిస్టేబుళ్లు, వీళ్లందరి మాటలూ రికార్డు చేసి లైబ్రరీలో పెట్టాలి. పంట విరామం నాటి రైతుల్లో చాలామంది ఇప్పుడు పెద్దవయసువాళ్లు. పిల్లలు ఈ వేసవి సెలవుల్లోనే బయల్దేరాలి.