పటము, రుమాలు, ఆసు

మన పద్మశాలి కులచరిత్రమును వ్రాయబూనినవారు సాధారణముగా మార్కండేయ మహర్షితో నారంభించి, భావనాఋషి మీదుగా వచ్చి, సంఘముల స్థాపనముతోను మహాసభల తీర్మానములతోను ముగించుచుందురు. ఆ వంశావళిని మేమిచ్చట మరల వ్రాయదలపలేదు. మనవారి మనస్సులను దిద్దినవి పురాణములును తీర్మానములును మాత్రమే కావు. కంటితో చూచినవి, చెవితో విన్నవి, మేన ధరించినవియు గలవు. అట్టి వానిలో మూటిని మాత్రము గ్రహించుచున్నాము: పటకథ, తేలియా రుమాలు, 2019వ సంవత్సరమున వెలువడిన యొక చలనచిత్రము. ఈ మూటిని వరుసగా పెట్టి చూచినప్పుడు మన చరిత్రమున నొక వెలితి కానవచ్చుచున్నది. ఆ వెలితిని గూర్చి చెప్పుటయే మా యుద్దేశము.

మొదట పటము. తెలంగాణమున మన కులమునకు కూనపులివారను కథకులు గలరు. వారు మార్కండేయ పురాణమును, భావనాఋషి మాహాత్మ్యమును పద్మశాలీల వాడలలో పాడుచు చెప్పుట తరతరముల యాచారము. పాటకు వెనుక బొమ్మల పటము వ్రేలాడుచుండును. కథ జరుగుచున్న కొలది పటము చుట్టవిప్పుచు, ఒక్కొక్క ఘట్టమును కోలతో చూపుదురు. ఈ పటములను చేర్యాల నకాషీలు వ్రాయుదురు. నూలుబట్టకు చింతగింజల గంజి, సుద్ద, జిగురు పట్టించి, ఎఱ్ఱని నేలమీద బొమ్మలు దింపుదురు. ప్రాతబడిన పటమును పారవేయరు. దేవతాప్రతిమవలె నీట నిమజ్జనము చేయుదురు. చదువు రాని కాలమున మనవారికి గ్రంథాలయమును, నాటకశాలయు, దేవాలయమును ఈ పటమే.

ఆ పటము మన పెద్దలకు ఆత్మగౌరవము నిచ్చినది. తామరతూటి నారతో దేవతలకు వస్త్రము నేసిన ఋషి వంశము మనదని బాలుడు తెలిసికొన్నది అచ్చటనే. కాని కథానాయకుడు నేతగాడు. భద్రావతీదేవి సూర్యుని కూతురుగా, వధువుగా ప్రవేశించి, భావనాఋషి ప్రక్కన గుడిలో నిలిచినది. మగ్గమునకు ముందు జరుగు పనులెన్ని గలవో, అవి యెవరి చేతులలో జరుగునో కథ చెప్పదు. పురాణమును తప్పుపట్టుట మా యభిమతము కాదు. పురాణము తాను చెప్పదలచినది చెప్పినది. మిగిలినది మనము చెప్పుకొనవలసి యుండెను.

ఇక రుమాలు. దీని జన్మస్థానము సముద్రతీరమందలి చీరాల. నూలును నూనెయందును, ఆముదపుకాయల బూడిద కలిపిన నీటియందును నానవేసి, పిసికి, యెండబెట్టి, మరల నానవేసి, ఈ విధముగా దినముల తరబడి శ్రమపడుదురు. అప్పుడు గాని యెఱ్ఱరంగు నూలును గట్టిగా పట్టుకొనదు. పూర్వమా యెఱుపు చిరివేరు వంటి వేళ్లనుండి వచ్చెడిది. 1868వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిను రంగును కృత్రిమముగా చేయుట కనుగొనిన పిమ్మట పొడిరంగులు వచ్చినవి. నూనె వాసన బట్టను వదలదు గనుకనే 'తేలియా' యను పేరు. పడుగును పేకను రెంటిని ముందుగనే లెక్కకట్టి, ముడులువేసి, అద్దకము చేసి, మగ్గముమీద చుక్కకు చుక్క కలియునట్లు నేయుదురు. ఎఱుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. మూడు రంగులలో నింత గాంభీర్యము చూపిన బట్ట మఱియొకటి లేదని మా పక్షపాతము. చదువరులు మన్నింతురు గాక.

ఈ బట్టను మనవారికంటె పరదేశీయులే యెక్కువగా ధరించిరి. ఏడెను రేవు మీదుగా అరబ్బు దేశములకు పోయి తలపాగలైనది. నూనె పట్టిన నూలు ఎండకు చల్లదన మిచ్చునని వారు దీనిని మెచ్చిరి. ఇచ్చట పశులకాపరులును జాలరులును తలకు చుట్టుకొనిరి. హైదరాబాదు నవాబుల యంతఃపురములందు స్త్రీలు పైటగా వేసికొనిరి. 1930 ప్రాంతమున నేసిన కొన్ని రుమాళ్లలో చతురస్రముల నడుమ విమానములు, గడియారములు, సింహములు కనబడును. తన తలమీద నెగిరిన వింతయంత్రమును నేతగాడు పడుగుపేకలలో పట్టి, సముద్రము దాటించినాడు. కొన్నవాని పేరు వర్తకుని చిట్టాలో నున్నది. నేసినవాని పేరు ఏ రుమాలు అంచునను లేదు.

చీరాల ప్రస్తావన వచ్చినది గావున నొక్కమాట. 1921లో పురపాలకపు పన్నులకు లొంగక ఊరు విడిచి రామనగరమున పాకలు వేసికొనిన చీరాల పేరాల ప్రజలకు నాయకుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, అంతకు నాలుగేండ్ల ముందు ఆనందకుమారస్వామిగారితో గూడి అభినయదర్పణమును ఆంగ్లమున ప్రకటించిన విద్వాంసులు. చేతివేళ్ల కదలికకు అర్థము చెప్పు శాస్త్రమును లోకమునకు అందించిన పండితుడు, చేతివేళ్లతో బ్రదుకు జనులకు నాయకు డగుట మాకు మిగుల ముచ్చటగొలుపు విషయము.

చీరాలలో ఈ విద్య క్రమముగా క్షీణించి, నల్లగొండ ప్రాంతమున వేరూనినది. పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ గ్రామమునకే చెందిన గజం గోవర్ధనుగారిని 2011లో పద్మశ్రీ వరించినది. పోచంపల్లి వారు అద్దకపు నేతను రుమాలునుండి చీరకును, నూలునుండి పట్టునకును తెచ్చిరి. 1952లో నేర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి అధ్యక్షురాలైన కమలాదేవి చట్టోపాధ్యాయగారి వంటివారి ప్రోత్సాహము ఆ కాలపు చేతిపనులకు ఊపిరి పోసినది. పోచంపల్లి పేరు 1951లో వినోబాగారి భూదానముచే దేశమున మాఱుమ్రోగినది. తరువాత చీరచే మ్రోగినది. 2005లో ఆ నేతకును గుర్తింపు వచ్చెను. నేడు అదే నమూనాను మరబట్టపై అచ్చువేసి, దాని మూల్యములో నల్పభాగమునకు అమ్ముచున్నారు. నకలుబట్టను తిరగవేసి చూచినచో వెనుకవైపు రంగు వెలవెలబోవును. అసలు బట్టకు ముందువెనుకలు లేవు. కొనువారు ఈ పరీక్షనైన నేర్చుకొనవలెను.

ఇప్పుడు ఆసు. పేకనూలునకు ముడులు కట్టుటకు ముందు, ఆ నూలును క్రమముగా పఱచు పరికరమది. ఒకవైపు నొక్క మేకు, ఎదుట విల్లువలె వంగిన చట్రముపై మేకుల వరుస. స్త్రీ ఎదుట కూర్చుండి, దారమును పట్టి, చేతిని ఇటునుండి అటు, అటునుండి ఇటు ఆడించుచు నొక్కొక్క మేకునకు తగిలించుచు పోవును. ఒక్క చీరకు చేయి తొమ్మిదివేల పర్యాయములు కదలవలె నని లెక్క. దినమునకు రెండు చీరల యాసు పోసిన తల్లి పదునెనిమిదివేల మారులు చేయి యాడించినట్లు. భుజము పట్టివేయును, మోచేయి వాచును. ఈ పనికి కూలి యని వేఱుగా నిచ్చు వాడుక చాల ఇండ్లలో లేదు. ఇంటిపని యనిరి. చీర ధర కట్టునప్పుడు పట్టు ధర, రంగు ధర, నేత కూలి లెక్కకు వచ్చును. ఆసు భుజము రాదు.

ఆలేరు ప్రాంతమందలి శారాజీపేటలో చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతితో చదువు మాని, తల్లి లక్ష్మమ్మగారి భుజపు నొప్పిని చూడలేక, 1992 ప్రాంతమున యంత్రము తలపెట్టిరి. ఏండ్ల తరబడి అప్పులు, ఎగతాళి. 1999లో యంత్రము పనిచేసెను. గంటల తరబడి పట్టెడి పని గంటన్నరకు దిగినది. దానికి తల్లి పేరిట లక్ష్మి ఆసుయంత్రమని నామకరణము చేసిరి. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. 2019లో రాజ్ రాచకొండగారి దర్శకత్వమున 'మల్లేశం' చలనచిత్రము వెలువడెను. ప్రియదర్శిగారు నాయకపాత్రను, ఝాన్సీగారు తల్లిపాత్రను ధరించిరి.

తెలుగు చలనచిత్రములలో మన చీరకు కొదవ యెన్నడును లేదు, నాయికలందఱు కట్టినదే. కాని చీర వెనుకనున్న భుజమే కథకు ఇరుసుగా నిలిచినది ఇచ్చట. పరిహాసఘట్టములు కొంత తగ్గించియుండిన బాగుండెడిదని మాకు తోచినది. అయినను ఆసు ముందు కూర్చున్న తల్లిని తెరపై చూచుట మన కులమువారికి సామాన్యమైన యనుభవము కాదు. పటము మనకు ఋషిని చూపెను, రుమాలు పనితనమును చూపెను, ఈ చిత్రము అమ్మను చూపెను.

2019-20 నాటి చేనేత గణన ప్రకారము దేశమున చేనేత పనివారు 35 లక్షలకు పైబడిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఈశాన్య రాష్ట్రములలో మగ్గముపై కూర్చుండువారే హెచ్చుగా స్త్రీలు గావున ఈ నిష్పత్తిని మన ప్రాంతమునకు యథాతథముగా అన్వయింపరాదు. మన ప్రాంతపు స్త్రీలు ఎక్కువగా ఆసు, కండె, ముడులవద్ద నున్నారు. వారిని నేతగాని భార్యగా, కూతురుగా మాత్రమే లోకము గుర్తించుచున్నది. యంత్రము రాకముందు పోసినవారిలో పెక్కురు ఇప్పుడు వృద్ధులు.

మన సంచికలలో దాతల పేర్లును, కార్యవర్గము వారి ఛాయాపటములును ముద్రించు వాడుక గలదు, అది ఉచితమే. వచ్చు సంచికలో రెండు పుటలు ఆసు పోసిన స్త్రీలకై విడువవలెనని కార్యవర్గము వారిని కోరుచున్నాము. మహాసభకు విచ్చేసిన ప్రతినిధులు తమ తమ గ్రామములకు మరలిన పిమ్మట ఆ వృద్ధమాతల యనుమతితో వారి వివరములు వ్రాసి పంపుదురు గాక. పేరు, ఊరు, ఏ వయస్సున ఆసు పట్టినది, ఎన్ని యేండ్లు పోసినది: ఈ నాలుగు చాలును.