గోడలో గూడు, గట్టు పక్కన సందు

ఫ్రిజ్‌కీ గోడకీ మధ్యనో, వంటగట్టు చివరనో మిగిలిపోయిన జానెడు సందులో సన్నటి చెక్క అర చేయించుకోవడాన్ని ఏలూరు, తాడేపల్లిగూడెం అపార్టుమెంట్లలో మాడ్యులర్ కిచెన్‌తో పాటు వచ్చిన సోకుగా చూస్తారు. అది సోకూ కాదు, అంత కొత్తదీ కాదు. ఈ ప్రాంతంలో వంటింటి సామాను చోటును ఎప్పుడూ ఇంటి బరువు మోసే భాగమే నిర్ణయించింది. ఆ భాగం మారినప్పుడల్లా సామాను చోటూ మారింది. సందులోని అర ఆ వరసలో ఇప్పటికి చివరిది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి విస్తరించింది. గోదావరి కాలువ, కృష్ణా కాలువ ఏలూరులో కలిశాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రైతులు మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. దూలాలు, వాసాలు, పెంకుల బరువంతా గోడలే మోయాలి కాబట్టి వాటిని మందంగా లేపేవారు. ఆ మందంలోనే దీపానికొక గూడు, ఉప్పు జాడీకొక గూడు వదిలేవారు. పెద్ద గూటికి తలుపులు బిగిస్తే అదే గోడ అలమర. కొల్లేటి లంకల్లో తాటాకు గుడిసెల సంగతి వేరు. తడిక గోడలో గూడు నిలవదు. అక్కడ బరువు మోసేది నిట్రాడు, దూలం. అందుకే కుండలు ఉట్టి మీదికి, అటక మీదికి ఎక్కాయి. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సులోకి నీరు దిగే చోట సామాను ఎత్తున ఉండటం ప్రాణావసరం కూడా.

కాంక్రీటు వచ్చాక బరువు స్తంభాలకూ బీములకూ పోయింది. గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలకు తగ్గింది. అందులో గూడు తొలిస్తే అవతలి గది కనిపిస్తుంది. అదే కాలంలో వంట నేల మీంచి గట్టు మీదికి లేచింది. 1999లో మొదలైన దీపం పథకం గ్యాస్ పొయ్యిని పల్లెల్లోకీ తీసుకెళ్ళింది. ఫ్రిజ్ ఏమో ఫ్యాక్టరీ కొలతతో వస్తుంది, గది మేస్త్రీ కొలతతో లేస్తుంది. ఆ రెండు కొలతల తేడాయే సందు.

ఆ సందును వాడుకోవడానికి అందులో ఎంత చోటు ఖర్చవుతుందో లెక్క చూడండి. 8 అంగుళాల సందు అంటే సుమారు 203 మిల్లీమీటర్లు. గోడ ఎప్పుడూ నిటారుగా ఉండదు కాబట్టి వడ్రంగి పైన, మధ్యన, కింద కొలిచి, తక్కువ వచ్చినదాన్నే తీసుకుని, రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల చొప్పున వదులు ఉంచుతాడు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చెక్కలు రెండూ కలిసి 36 తినేస్తాయి. మిగిలేది 157, అంటే ఆరు అంగుళాల పైచిలుకు. నూనె సీసాలు, పోపు డబ్బాలు ఒకే వరసలో నిలుస్తాయి. తొమ్మిదంగుళాల గోడలో సగం తొలిచిన గూడు నాలుగున్నర అంగుళాల లోతు. అక్కడా ఒకే వరస. ఒక డబ్బా వెనక మరొకటి దాగకుండా చెయ్యి చాపగానే అందడం రెండింటి గుణమూ. గూటికి మాత్రం పక్క చెక్కలు అక్కర్లేదు, నేల అక్కర్లేదు.

ఫ్లాట్లు ఇరుకై ఈ అర పుట్టిందనే వాదన ఉంది. గుడిసెలు ఫ్లాట్లకన్నా ఇరుకే, అయినా అక్కడ అర పుట్టలేదు, ఉట్టి పుట్టింది. కాంక్రీటు ఇంట్లోనూ అటక ఉందిగా అనొచ్చు. ఉంది, కానీ అది పండక్కి దించే గంగాళాలకే. రోజూ పోపుకి నిచ్చెన వేసుకోలేం. పాత గూళ్ళు పొగచూరి బల్లులకు నెలవయ్యేవన్న మాట నిజమే. తలుపున్న అర ఆ విషయంలో మెరుగు. అయితే వానాకాలం గోడలు చెమ్మగిల్లే ఈ నేలలో గాలాడని పెట్టె కూడా క్షేమం కాదు. పార్టికల్ బోర్డు నీరు తగిలితే ఉబ్బుతుంది.

కాబట్టి ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు వంటింట్లో ఒక్క గోడనైనా తొమ్మిదంగుళాలు ఉంచి, అందులో గూళ్ళు వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి. కట్టేసిన ఇంట్లో ఉన్నవాళ్ళు నీటికి తట్టుకునే ప్లైవుడ్‌తో, కింద కాళ్ళు పెట్టించి, ఫ్రిజ్ పక్కన గాలాడేంత ఖాళీ వదిలి ఆ అర చేయించుకోండి. పాత గూటికి అది సరైన వారసురాలే.