మాటకు చోటు: సెల్యులార్ జైలు నుంచి కాఫీ హౌస్ దాకా

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పేరు మారినా, ఆ పట్టణ చరిత్రకు ఇప్పటికీ గుర్తుగా నిలిచింది సెల్యులార్ జైలే. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు రెక్కలుండేవి. ఒక రెక్కలోని గదుల ఎదురుగా కనిపించేది పక్క రెక్క వీపు మాత్రమే. ఖైదీ ఖైదీతో మాట్లాడకూడదన్నదే ఆ నిర్మాణ రహస్యం. నలుగురు కలిసి మాట్లాడుకుంటే అధికారానికి ముప్పని వలస పాలకులకు తెలుసు.

ఈ భయం వారికి కొత్త కాదు. 1675 డిసెంబరులో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కాఫీ హౌసులన్నీ మూసివేయాలని ఆజ్ఞాపించాడు. అక్కడ ప్రభుత్వంపై దుష్ప్రచారం జరుగుతోందన్నది ఆరోపణ. జనాగ్రహం చూసి, అమలుకు ముందే దాన్ని ఉపసంహరించుకున్నాడు. వియన్నాలో 1685లో అర్మేనియన్ వర్తకుడు యోహానెస్ డియోడాటోకు కాఫీ అమ్మే అనుమతి దక్కింది. ఒక్క కప్పు తీసుకుని గంటల తరబడి పత్రికలు చదువుకోవడం ఆ నగర సంప్రదాయమైంది. 1876లో తెరిచిన కఫే సెంట్రల్‌లో ప్రవాసి ట్రాట్‌స్కీ కూడా కూర్చునేవాడు.

మన దేశంలో ఈ ఒరవడి 1936లో బొంబాయి చర్చిగేట్ వద్ద మొదలైంది. 1950లలో కాఫీ బోర్డు తన హౌసులను మూసివేయడంతో కార్మికులు వీధిన పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో వారే సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957 ఆగస్టులో బెంగళూరులో తొలి సంఘం, డిసెంబరులో ఢిల్లీలో తొలి ఇండియన్ కాఫీ హౌస్ వెలిశాయి. వడ్డించేవాడే యజమాని అయ్యాడు. కప్పు ఖాళీ అయిందని లేచిపొమ్మనేవారు లేరు. హైదరాబాదు అబిడ్స్‌లోని ఓరియెంట్ హోటల్ కూడా మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులకు, పాత్రికేయులకు అలాంటి చోటే.

స్వతంత్ర భారత పాలకులకూ ఆ బల్లలంటే భయం పట్టుకుంది. ఎమర్జెన్సీలో, 1976లో, ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌస్‌ను కూల్చివేశారు. పార్లమెంటులో నోరు నొక్కినవారికి, బయట బల్లల చుట్టూ సాగే చర్చ కూడా కంటగింపైంది.

అండమాన్‌కు ఈ చరిత్రతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. ఆ దీవులకు నేటికీ శాసనసభ లేదు. లోక్‌సభ సభ్యుణ్ణి 1967 దాకా నామినేట్ చేసేవారు. నేరుగా ఎన్నుకునే హక్కు ఆ ఏడాదే వచ్చింది. పాలన అంతా కేంద్రం నియమించే లెఫ్టినెంట్ గవర్నరు చేతిలోనే. 2011 జనగణన ప్రకారం ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం, హిందీ, మలయాళం మాట్లాడేవారితో కలిసి వారు బతుకుతున్నారు. ఇన్ని భాషల జనం తమ భూమి గురించి, సముద్రం గురించి, ఢిల్లీ నుంచి వచ్చే ప్రాజెక్టుల గురించి ఎక్కడ వాదించుకోవాలి? సభ లేని చోట అబెర్డీన్ బజారులోని టీ బల్లే సభ.

పేరున్న కాఫీ హౌసులను చూడటానికి విదేశాలకు వెళ్లేవారు అక్కడి అద్దాలు, పాలరాయి మాత్రమే చూసి రాకూడదు. గంటకో బిల్లు వేసే ఖరీదైన కాఫీ దుకాణాలు మనకూ వచ్చాయి. తక్కువ ధరకు ఎక్కువసేపు కూర్చోనిచ్చే చోటు ఊరికి ఒక్కటైనా మిగలాలి. మాటకు చోటు లేకుండా చేయడానికి జైలే కట్టనక్కర్లేదు, బల్లలు తీసేస్తే చాలు.