నీరు దిగిపోయిన రేవు

చిన్న మోటారు బోటును ఒడ్డు వాలు మీంచి నీళ్లలోకి దించేవాడు మొదట చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూస్తాడు. నీళ్లకేసి చూడడు. నీళ్లు ఎక్కడికి పోతాయి, అక్కడే ఉంటాయన్న ధీమా అతనిది. అనుమానమంతా గాలి మీదే. ఢిల్లీ సరిహద్దు దాటగానే, ఫరీదాబాద్‌ను ఆనుకుని, ఆరావళి గుట్టల నడుమ ఒకప్పుడు నిండుగా ఉండిన బడ్ఖల్ చెరువు గాథ చెప్పాలంటే ఆ ధీమా దగ్గరే మొదలుపెట్టాలి.

గాలిని అనుమానించడం సబబే. చిన్న బోటు నీటిలో లోతుగా కూర్చోదు. జానెడు మేర మునిగి మిగతా ఒళ్లంతా గాలికి అప్పగిస్తుంది. ఇంజను బరువంతా అమరం వైపు ఉంటుంది కాబట్టి ఆ భాగం నీటిని పట్టుకుని నిలుస్తుంది. తేలికైన అణియం మాత్రం గాలి ఎటు తోస్తే అటు తిరిగిపోతుంది. పక్కగాలి వీచే రోజున చప్టా మీద తొందరపడ్డాడా, నిమిషం గడవకముందే పడవ అడ్డం తిరిగి రాళ్లకు డొక్క రాసుకుంటుంది. అందుకని తెలిసినవాళ్లు చేయవలసిందంతా పొడినేల మీదే చేసుకుంటారు. పడవ అడుగున నీరు వదిలే రంధ్రానికి బిరడా బిగిస్తారు. ముందొక తాడు, వెనకొక తాడు కడతారు. తాడు పట్టే మనిషిని గాలి వచ్చే వైపు నిలబెడతారు, ఎందుకంటే అవతలి వైపు నిలబడితే పడవ వచ్చి అతని మీదే పడుతుంది. ట్రైలరు మీద వెనక సగం తేలేదాకా ముందు కొక్కెం విప్పరు. ఇంజను కాడ నీళ్లలోకి దించి, అది అందుకుందని చెవికి రూఢి అయ్యాకే వదులుతారు. వదిలాక ఇక తటపటాయింపు ఉండకూడదు. ఒక్క ఊపున వెనక్కి, లోతులోకి పోవాలి. వెనక్కి నడిచే చిన్న పడవకు అమరం తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతుంది. ఆ గుణం తెలిసినవాడికి గాలి సాయం కూడా చేస్తుంది.

ఢిల్లీ చుట్టుపక్కల ఈ మెలకువలన్నీ ఎక్కువ అక్కరకొచ్చేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. పగలంతా పడమటి నుంచి లూ అనే వడగాలి కొడుతుంది. కొన్ని సాయంత్రాలు ఆకాశం ఒక పక్క గోధుమరంగుకు తిరిగి, గాలి హఠాత్తుగా స్తంభించి, ఆ వెంటనే దుమ్ము గోడలా ఆంధీ మీదికొస్తుంది. మన దగ్గర గోదావరి మీద సరంగులు మబ్బు పట్టిన దిక్కును బట్టి లాంచీని ఒడ్డుకు తిప్పినట్టే, ఇక్కడ ఆంధీ రంగు కనబడగానే చెరువుల మీది పడవలన్నీ రేవు పడతాయి. కంటికి కనబడే శత్రువు కాబట్టి కాచుకోవచ్చు. బడ్ఖల్‌ను చంపింది మాత్రం అలా కనబడి రాలేదు.

బడ్ఖల్ చెరువు సాగునీటి కోసం గుట్టల మధ్య కట్ట వేసి నిలిపిన నీరు. ఆ కట్ట 1947 నాటిదని చెబుతారు. 1966 నవంబరు 1న హర్యానా వేరు రాష్ట్రమైంది. ఢిల్లీని మూడు వైపులా చుట్టుకుని ఉన్న ఆ కొత్త రాష్ట్రానికి బన్సీలాల్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఎస్.కె.మిశ్రా అనే ఐఏఎస్ అధికారి చొరవతో, ఒక చక్కని ఆలోచన వచ్చింది. ఢిల్లీ జనం ఆదివారం పూట ఊపిరి పీల్చుకోవడానికి రహదారుల వెంట, నీళ్ల పక్కన విడిదులు కట్టి, వాటికి పక్షుల పేర్లు పెట్టారు. దమ్‌దమా దగ్గర సారస్, సూరజ్‌కుండ్ దగ్గర రాజ్‌హంస్, ఫరీదాబాద్‌లో మ్యాగ్‌పై. బడ్ఖల్ ఆ వరుసలో తొలినాళ్లది, అందరూ ఇష్టపడినది. ఒక ప్రభుత్వం తన ప్రజల సెలవు దినం గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన సందర్భాలు మన దేశంలో ఎక్కువ లేవు. అందుకే ఈ నష్టం నాకు మరింత బాధ కలిగిస్తుంది.

ఆ రోజుల్లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చేసిన తెలుగువాళ్లను కదిపి చూడండి. ఊరి నుంచి చుట్టాలు దిగితే మొదటి రోజు ఎర్రకోట, రెండో రోజు కుతుబ్ మినార్, ఆదివారం బడ్ఖల్. పులిహోర, పెరుగన్నం గిన్నెల్లో సర్దుకుని పోయేవారు. ఢిల్లీలో యమున ఉంది కదా, అంత దూరం ఎందుకు అని అడిగేవాళ్లకు జవాబు అప్పటికే ముక్కుకు తెలిసేది. వజీరాబాద్ దిగువన నగరపు కాలువలన్నీ ఆ నదిలోనే కలుస్తాయి. కాబట్టి పిల్లలను పడవ ఎక్కించడానికి తెల్లనీళ్లు కావాలంటే గుట్టల్లోకే పోవాలి. కొండ నీడ పడిన నీటి మీద పడవ పోతుంటే, గోదావరినో కృష్ణనో చూసి పెరిగినవాళ్లకు కాసేపు ఊరి బెంగ తీరేది.

ఆ నీరు ఎక్కడ నుంచి వచ్చేది? చెరువుల దేశం నుంచి వచ్చిన మనకు ఇది వివరించనక్కరలేదు. కట్ట, తూము, అలుగు కంటికి కనిపించే అంగాలు. అసలు ప్రాణం పైనున్న పరీవాహకంలో, వర్షం పడ్డప్పుడే పారే చిన్న చిన్న వాగుల్లో ఉంటుంది. ఫరీదాబాద్ గుట్టలు చాలావరకు క్వార్ట్‌జైట్ రాయి. గట్టి రాయే, కానీ ఒళ్లంతా పగుళ్లు. వాన నీరు కొంత వాగుల వెంట చెరువులోకి దిగుతుంది, కొంత ఆ పగుళ్లలో ఇంకి భూగర్భంలో నిలుస్తుంది. అడుగున ఆ నిల్వ ఉన్నంతకాలం పైన చెరువు కూడా నిలుస్తుంది.

అదే రాయి ఢిల్లీకి కావలసి వచ్చింది. ఆసియా క్రీడలు 1982లో జరిగాయి. స్టేడియాలు, ఫ్లైఓవర్లు, హోటళ్లు, ఆపైన కాలనీల మీద కాలనీలు లేచాయి. కంకర ఈ గుట్టల నుంచే. ఆ రాయి అరిగి ఏర్పడిన ముతక ఇసుక, ఢిల్లీ మేస్త్రీలు బదర్‌పూర్ అని పిలిచేది, అదీ ఇక్కడి నుంచే. గుట్ట పై భాగం తవ్వడం అయ్యాక నేలలోకి దిగారు. నేల తవ్వగా తవ్వగా భూగర్భ జలం తగిలింది. తగిలినచోట పంపులు పెట్టి తోడి బయట పోసి, ఇంకా కిందికి దిగారు.

ఆ గోతుల్లో పనిచేసిన మనుషుల సంగతి ఈ కథలో పక్క విషయం అనుకోను. ఫరీదాబాద్ జిల్లా రాతి క్వారీల్లో వెట్టి కూలీల దుస్థితి గురించి బంధువా ముక్తి మోర్చా రాసిన లేఖను సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. ఆ సంస్థను నడిపింది స్వామి అగ్నివేశ్, తెలుగు నేల మీద పుట్టిన మనిషి. శ్రీకాకుళంలో వేప శ్యామ్‌రావుగా పుట్టి, హర్యానాలో మంత్రిగా కూడా పనిచేసి, ఆ కూలీల పక్షాన నిలబడ్డాడు. కోర్టు పంపినవాళ్లు వెళ్లి చూస్తే రాతి దుమ్ములో ఊపిరాడని బతుకులు, గడ్డి కప్పిన గుడిసెలు, తాగడానికి మురికి నీరు కనబడ్డాయి. 1983 డిసెంబరు 16న న్యాయమూర్తి పి.ఎన్.భగవతి చెప్పిన తీర్పులో కూలీలకు పరిశుభ్రమైన తాగునీరు ఇవ్వాలన్నది ముఖ్యమైన ఆదేశాల్లో ఒకటి. ఆలోచించండి. ఒకే జిల్లా, ఒకే కొండ వరుస. ఒకచోట పడవ షికారుకు నీళ్లు. ఇంకోచోట ఆ నీటికి ఆధారమైన రాయిని పగలగొట్టే తల్లికి బిడ్డ గొంతు తడపడానికి నీళ్లు లేవు.

ఆ తర్వాత జరిగినదంతా కోర్టు తేదీల్లో చెప్పవచ్చు. 1992లో సుప్రీంకోర్టు ఢిల్లీ లాల్‌కువా, ఆనంద్‌పర్బత్ లాంటి చోట్ల ఉన్న రాతి క్రషర్లను మూసేయమంది. కారణం గాలి. నగరం దుమ్ము పీల్చి చస్తోందని. క్రషర్లకు హర్యానాలో, ఫరీదాబాద్ పక్కనే పాలీ దగ్గర చోటు చూపారు. ఢిల్లీకి గాలి కొంత తేలికపడింది, గుట్టల మీద భారం మాత్రం తగ్గలేదు. పడవ దించేవాడిలాగే రాజధాని కూడా గాలినే చూసింది.

నీటిని చూడడం 1996లో మొదలైంది. పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో ఆ ఏడాది మే 10న జస్టిస్ కుల్దీప్ సింగ్ ఉన్న ధర్మాసనం బడ్ఖల్, సూరజ్‌కుండ్‌ల చుట్టూ 2 కిలోమీటర్ల లోపల గనుల తవ్వకం ఆపమని ఆదేశించింది. కట్టడాల మీద కూడా హద్దు పెట్టింది, అక్టోబరులో ఆ హద్దును చెరువుల నుంచి 1 కిలోమీటరుకు కుదించింది. ముప్పు పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలన్న సూత్రాన్ని మన న్యాయస్థానాలు ఎత్తిపట్టిన తొలి తీర్పుల్లో ఇదొకటి, ఆ గౌరవం దానికి దక్కాలి. కానీ రాతి పగుళ్లకు 2 కిలోమీటర్ల గీత తెలియదు. గీత అవతల గోతులు లోతుకు పోతూనే ఉన్నాయి. ఫరీదాబాద్ కాలనీలు, ఫ్యాక్టరీలు బోర్లు వేస్తూనే ఉన్నాయి. వాగుల దారిలో రోడ్లు, గోడలు లేచాయి. 2002లో ఆరావళి తవ్వకాలపై మరింత విస్తృతమైన నిషేధం వచ్చింది. 2009 మే 8న ఫరీదాబాద్, గుర్‌గావ్, మేవాత్ ఆరావళిలో గనులన్నింటినీ కోర్టు నిలిపివేసింది.

అప్పటికి బడ్ఖల్‌లో పడవలు ఆగిపోయాయి. చెరువు ఒక్కసారిగా ఎండలేదు. ఏటికేడాది నీరు అంచు నుంచి లోపలికి జరుగుతూ పోయింది. వానాకాలం తర్వాత కొంత వెనక్కి వచ్చేది, ముందటి ఏడు ఉన్నచోటికి మాత్రం రాలేదు. చివరికి రాకడే మానేసింది. అడుగున పచ్చిక మొలిచింది, సర్కారు తుమ్మ పెరిగింది, గేదెలు మేశాయి, పిల్లలు క్రికెట్ ఆడారు. 10వ శతాబ్దంలో తోమర రాజు సూరజ్‌పాల్ తవ్వించాడని చెప్పే సూరజ్‌కుండ్ కూడా అదే దారి పట్టింది. 1987 నుంచి ఏటా ఫిబ్రవరిలో ఆ పేరుతో చేతివృత్తుల మేళా జరుగుతుంది, మన కొండపల్లి, పోచంపల్లి కళాకారులూ వస్తారు. మేళాకు పేరిచ్చిన కుండంలో నీళ్లుండవు. ఫరీదాబాద్‌కు మెట్రో 2015 సెప్టెంబరులో వచ్చింది. ఒక స్టేషన్‌కు బడ్కల్ మోడ్ అని పేరు. చెరువుకు తిరిగే మలుపు అది. రైలు వచ్చేసరికి చెరువు లేదు.

నీళ్లు పూర్తిగా మాయం కాలేదన్నది ఈ గాథలో నన్ను అన్నిటికన్నా కలచివేసే సంగతి. వదిలేసిన గనుల గోతుల్లో ఆ నీరుంది. ఢిల్లీ దక్షిణపు అంచున అసోలా భట్టీ వైపు, ఫరీదాబాద్ గుట్టల్లో, నిలువుగా కోసిన రాతి గోడల మధ్య నీలంగా, లోతుగా నిలిచి ఉంది. ఎండాకాలంలో ఢిల్లీ కుర్రాళ్లు గోడలు దూకి, కంచెలు దాటి ఈతకు పోతారు, కొందరు తిరిగి రారు. ఒక గుంటకు డెత్ వ్యాలీ అనే పేరే స్థిరపడింది. చెరువుకు ఒడ్డు వాలుగా ఉంటుంది. మోకాలి లోతు, నడుము లోతు, ఛాతీ లోతు అని మనిషికి తెలుస్తూ దిగుతుంది. పడవను దించేదీ ఆ వాలే, మునిగేవాడు కాళ్లూని పైకి వచ్చేదీ ఆ వాలే. గని గొయ్యికి వాలు లేదు. అంచు దాటితే పాతాళం. మునిగేవాడిని వెతకడానికి ఒక చిన్న పడవను దించాలన్నా అక్కడ చోటు దొరకదు. నీటిని చెరువులోంచి తీసి గోతిలో పెట్టి, దాని ఒడ్డును మాత్రం మనం ఎక్కడా కట్టలేదు.

ఇప్పుడు బడ్ఖల్‌ను బతికించే పని సాగుతోంది. ఫరీదాబాద్ స్మార్ట్ సిటీ పథకంలో కట్టను బాగుచేసి, నడకదారులు వేసి, రోజుకు కోటి లీటర్ల మురుగునీరు శుద్ధి చేసే కేంద్రం కట్టి, ఆ నీటితో చెరువు నింపాలని సంకల్పం. దాన్ని తక్కువ చేయను. ఎండిన నేల మీద నీరు చూడాలనే కోరిక గొప్పది, దానికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టిన ఆ ఊరివాళ్లకు దండం. అయితే ఆ చెరువు ఇక గుట్టలు పోసే నీటితో కాక, గొట్టం పోసే నీటితో బతకాలి. పంపు ఆగిన వారం నీటిమట్టం పడుతుంది.

గుట్టల సంగతి ఇంకా తేలలేదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, చుట్టూ ఉన్న నేల కన్నా 100 మీటర్లు ఎత్తున్న వాటినే ఆరావళి కొండలుగా లెక్కించాలన్న నిర్వచనాన్ని ఆమోదించింది. దేశమంతా గగ్గోలు పుట్టాక, డిసెంబరు చివర్లో తన ఉత్తర్వును తానే నిలిపివేసింది. ఢిల్లీ వైపు వచ్చేసరికి ఆరావళి పొట్టిది. బడ్ఖల్‌కు నీరు పంపిన గుట్టల్లో చాలావాటికి ఆ కొలత అందదు. వానాకాలంలో ఇప్పటికీ వాటి మీంచి పాయలుగా నీరు జారుతుంది, గోతులూ గోడలూ అడ్డం రాని చోట పాత వాగుల దారినే కిందికి వస్తుంది. ఆ దారులను గుర్తించి, గుట్టల ఎత్తుతో పని లేకుండా వాటిని కాపాడితే, గొట్టం నీటికి తోడు వాన నీరు కూడా కొంతైనా చెరువు చేరుతుంది.