బేతాళుని నియమం, రాజు మౌనం

మాయను వివరించి చెప్పాలా, వివరించక విడిచిపెట్టాలా అన్న ప్రశ్న సచిత్ర పత్రికలతోను, దూరదర్శన్ ధారావాహికలతోను పుట్టినది కాదు. మన కథకులు దీనిని శతాబ్దాల క్రితమే ఎదుర్కొన్నారు. అందుకు బేతాళ కథలే నిదర్శనం.

11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో ఈ కథలు ఉన్నాయి. అందులోని రాజు త్రివిక్రమసేనుడు. అతని రాజధాని గోదావరీ తీరాన గల ప్రతిష్ఠానం. క్షాంతిశీలుడనే భిక్షువు కోరికపై రాజు శ్మశానానికి వెళ్లి, చెట్టుకు వేలాడుతున్న శవాన్ని దించుతాడు. అతడు నోరు విప్పగానే శవం తిరిగి చెట్టెక్కుతుంది. కారణమేమిటో కవి చెప్పడు, రాజు అడగడు. శవాన్ని మళ్లీ దించి, ఈసారి మౌనంగా నడుస్తాడు. అప్పుడు శవంలోని బేతాళుడు కథ చెప్పి, సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందని హెచ్చరిస్తాడు. పలికితే శవం దక్కదు. పలకకపోతే ప్రాణం దక్కదు. ఈ నియమానికి శాస్త్రప్రమాణమేదీ చూపకపోయినా పాఠకుడు శంకించడు. నియమం ప్రతిసారీ ఒకే విధంగా పనిచేయడమే అందుకు కారణం.

అయితే సోమదేవుడు అన్నిటినీ మరుగున ఉంచలేదు. ఇరవై నాలుగవ కథలో తండ్రి కూతురిని, కొడుకు ఆమె తల్లిని వివాహమాడతారు. వారి సంతానానికి పరస్పరం ఏమి వరుస అన్న ప్రశ్నకు రాజుకు సమాధానం తోచదు. అతడు మౌనం వహిస్తాడు. బేతాళుడు సంతోషించి, రాజును బలి ఇవ్వాలన్న భిక్షువు పన్నాగాన్ని వెల్లడిస్తాడు. ఇక్కడ వివరణ పొందినది మనిషి దురాశ. మాయ మాత్రం మాయగానే మిగిలింది.

1947 జూలైలో వెలువడిన చందమామ ఈ కథాచట్రాన్ని ఇంటింటికీ చేర్చింది. శవాన్ని భుజాన మోస్తూ కత్తి చేతబట్టిన రాజును శంకర్ చిత్రాలు పిల్లల మనస్సులలో నిలిపాయి. నెలనెలా సాగే శీర్షికకు ఇరవై ఐదు కథలు చాలవు గనుక ఇతర కథలెన్నో అందులో చేరాయి. రాజు మౌనం భంగం కావడం, బేతాళుడు చెట్టెక్కడం ప్రతి నెలా జరిగే తంతు అయింది. 1985లో దూరదర్శన్‌లో ప్రసారమైన రామానంద్ సాగర్ హిందీ ధారావాహికకూ ఈ ఆవృత్తియే ఆధారమయింది.

పట్టుదలకు విక్రమార్కుడు తెలుగునాట మారుపేరయ్యాడు. కానీ నెలనెలా సమాధానం చెప్పే రాజు, సర్వజ్ఞుడైన రాజు. సోమదేవుని రాజు గెలిచినది తెలియనిచోట మౌనం వహించి. మాయానియమానికి కారణం చెప్పకపోవడం వల్ల కథకు లోటు రాలేదు. ఆ నియమం రాజును ఎక్కడికి చేర్చిందో చెప్పకపోతేనే లోటు. పాత కథను కొత్త మాధ్యమంలోకి తెచ్చేవారు మాయకు హేతువును వెదకడానికి ముందు, ఆ ఇరవై నాలుగవ మౌనాన్ని పదిలపరచడం అవసరం.