పాము మందు సీసా వెనక ఇరుల వాళ్ల చేతులు

వానలు పడ్డాయంటే మన గూడేల నుంచి పాముకాటు వార్తలు మొదలవుతాయి. పొలంలో ఒకరిని, నిద్రలో ఒకరిని. వెంటనే ఇంట్లో గొడవ. పెద్దవాళ్లు మంత్రగాడి దగ్గరికి పదండి అంటారు, చదువుకునే పిల్లలు ఆసుపత్రికి పదండి అంటారు. మంత్రం, పసరు మనవి, సూది మందు బయటివాళ్లది అన్నట్టు ఉంటది ఆ గొడవ. ఆ మందు చరిత్ర చూస్తే సంగతి వేరేగా ఉంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మన విశాఖపట్నం నుంచే మొదలుపెడదాం. 1780ల్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడ ఉండేవాడు. పాములను తెప్పించుకుని, కుక్కల మీద, కోళ్ల మీద కాటు వేయించి ఏం జరుగుతుందో రాసుకునేవాడు. 1796లో కోరమాండల్ తీరం పాముల మీద పెద్ద పుస్తకం వేశాడు. పాముల పేర్లు ఇక్కడి జనం పిలిచినట్టే రాశాడు. మనం రక్తపింజరి అనే పాముకు అందులో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. ఎంత చక్కటి తెలుగు పేరో చూడండి. తర్వాత ప్రపంచమంతా ఆ పామును రస్సెల్స్ వైపర్ అనడం మొదలుపెట్టింది. దాన్ని పట్టి తెచ్చి పేరు చెప్పినవాళ్లు వెనకబడిపోయారు.

రస్సెల్ పాములను గుర్తుపట్టాడు గాని, విరుగుడు దొరకలేదు. దానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1891లో వియత్నాంలోని సైగాన్‌లో ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు పనిచేసేవాడు. దగ్గర్లో ఒక ఊరికి వరద వచ్చి నాగుపాములు ఇళ్లలోకి ఎక్కాయి. 40 మందిని కరిస్తే నలుగురు చనిపోయారు. ఆ పాములను పీపాలో పెట్టి ఆయనకు పంపారు. జంతువుకు విషం కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ పోతే దాని రక్తంలో విషాన్ని ఆపే శక్తి తయారవుతుందని ఆయన చూపించాడు. ఆ రక్తం నుంచి తీసిన సీరమ్‌ను మందుగా వాడొచ్చన్నాడు. పారిస్‌లో ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు కూడా 1894లోనే ఇదే సంగతి కనిపెట్టారు. ఇప్పటికీ పద్ధతి అదే, గుర్రాలతో చేస్తారు.

కాల్మెట్ తన మందు అన్ని పాములకూ పనిచేస్తుందనుకున్నాడు. ఇండియాలో డాక్టర్లు పరీక్షిస్తే నాగుపాము మందు రక్తపింజరి విషం మీద పనిచేయలేదు. ఎందుకంటే ఆ రెండు విషాల పని వేరు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పడుతుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆగిపోతుంది. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీలను పాడుచేస్తుంది. అందుకే మన దేశంలో ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషం కలిపి ఎక్కించి ఒకే మందు చేస్తున్నారు.

అంటే ఆ మందు చెయ్యాలంటే ఏటా బతికున్న పాముల విషం కావాలి. మరి ఆ పాములను పట్టేదెవరు?

తమిళనాడులోని ఇరుల ఆదివాసీలు. జాడ చూసి, కుబుసం చూసి, కన్నం అంచు చూసి లోపల ఏ పాముందో చెప్పగలిగేవాళ్లు. ఒకప్పుడు తోళ్ల వ్యాపారులు వాళ్లచేత పాములు పట్టించి, చర్మాలను విదేశాలకు అమ్ముకునేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత 1976లో పాము చర్మాల ఎగుమతి నిషేధంతో ఆ పని ఆగింది. అడవికి మంచే జరిగింది, ఇరుల వాళ్ల పొయ్యి మాత్రం ఆరింది. అప్పుడు రోములస్ విటేకర్ అనే పాముల నిపుణుడి సాయంతో 1978లో ఇరుల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో వడనెమ్మేలి దగ్గర ఉంటది.

అక్కడ పామును చంపరు. మట్టికుండలో పెట్టి మూతికి గుడ్డ కడతారు. వారానికోసారి చొప్పున కొన్నిసార్లు విషం తీసి, మళ్లీ వెంటనే అదే పామును పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఎండబెట్టి పొడి చేసిన ఆ విషం మందు కంపెనీలకు పోతుంది. దేశంలో తయారయ్యే పాము మందులో ఎక్కువ భాగానికి విషం ఇచ్చింది వీళ్లే. 2023లో ఈ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ వచ్చింది. బడి చదువు లేని ఇద్దరు ఆదివాసీలు.

ఇప్పుడు గూడెం గొడవకి వద్దాం. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. మంత్రంతో బతికారు అనే మాట అబద్ధం కాకపోవచ్చు, బతికినవాళ్లు ఉంటారు. కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ, విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. అలాంటి కాటుకు మంత్రం వేసినా, వెయ్యకపోయినా మనిషి బతుకుతాడు. నిజంగా విషం ఎక్కినవాడికి మాత్రం అక్కడ కూర్చున్న ప్రతి గంటా నష్టమే.

కాబట్టి గాయం కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, మనిషిని నడిపించకుండా తీసుకుపోండి. మందు స్టాకు ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి. కట్లపాము కాటు నొప్పి తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారి రెప్పలు ఎత్తలేకపోతే ఆలస్యం చెయ్యొద్దు.

ఇంకో మాట. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు అన్ని చోట్లా ఒకేలా పనిచేయకపోవచ్చు. రేపు వేరే ప్రాంతాల విషం కూడా సేకరించాల్సి వస్తే అడవి తెలిసినవాళ్లు కావాలి, ల్యాబ్ తెలిసినవాళ్లూ కావాలి. బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. ఆ సూదిలో మనలాంటి అడవి మనుషుల విద్య ఉందని ఇరుల వాళ్ల కథ చెప్పండి. వానలు గట్టిగా పట్టకముందే చెప్పండి.

జోహార్.