గోడలోని బెజ్జాల కథ

ఏ ఫోన్ ఛార్జరయినా తిరగేసి చూడండి. కళ్ళు చికిలించుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటుంది. అంటే హైదరాబాదు, టోక్యో, డాలస్, బెర్లిన్ – ఎక్కడి కరెంటయినా దానికి ఫర్వాలేదు. అలాంటి వస్తువు పరాయి దేశపు హోటలు గదిలో, గోడ దగ్గర ఎందుకు ఆగిపోతుంది? కరెంటుతో లేని పేచీ బెజ్జాలతో ఎందుకు?

ఇది తెలియాలంటే ఇళ్ళలో సాకెట్లే లేని రోజులకి వెళ్ళాలి. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ నుంచి ఎడిసన్ కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు జనం కొన్నది వెలుతురుని. ఇంట్లోకి కరెంటు వచ్చే దారి బల్బు హోల్డరు ఒక్కటే. ఆ తర్వాత ఇస్త్రీపెట్టెలూ ఫ్యాన్లూ వచ్చినా, బల్బు విప్పి ఆ హోల్డర్లోనే తిప్పి బిగించుకునేవారు. హోల్డర్లో ఒక ముక్క బిగించి ఉంచి, రెండో ముక్కని లాగితే ఊడొచ్చేలా చేసినందుకు హార్వీ హబ్బెల్ అనే అమెరికన్‌కి 1904లో పేటెంటు వచ్చింది. ఇలాంటి పని ఒక్కో దేశంలో ఒక్కొక్కరు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకున్నారు. జర్మనీలో ఆల్బర్ట్ బ్యూట్నర్ 1926లో పేటెంటు తీసుకున్న ఎర్త్ ఉన్న ప్లగ్గే ఇవాళ యూరప్‌లో చాలాచోట్ల కనిపించే ‘షూకో’కి మూలం. వీళ్ళెవరూ పక్క దేశంతో సంప్రదించలేదని ఇప్పుడు విసుక్కుంటాం గానీ, ఆ రోజుల్లో ఇస్త్రీపెట్టె చంకలో పెట్టుకుని ఓడెక్కేవాళ్ళెవరున్నారు?

వోల్టేజీ కథా ఇంతే. 1899లో బెర్లిన్ విద్యుత్ కంపెనీ 220 వోల్టులకి మారాలని నిర్ణయించుకుంది. వోల్టేజీ రెట్టింపయితే అంతే పవర్‌కి సగం కరెంటు చాలు, సన్నటి రాగితీగతో పని జరుగుతుంది. ఆ మిగులుతోనే వినియోగదార్ల సామాన్లు మార్చే ఖర్చునీ సర్దుకోగలిగారు. అప్పటికి కరెంటున్న ఇళ్ళు తక్కువ కాబట్టే అది సాధ్యమైంది. ఇళ్ళు పెరిగేకొద్దీ ఇలాంటి మార్పు కష్టమవుతూ వచ్చింది.

ఎంత కష్టమో జపాన్‌ని చూస్తే తెలుస్తుంది. 1890లలో టోక్యో జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు కొంది, ఒసాకా అమెరికా నుంచి 60 హెర్ట్జ్‌వి కొంది. రెండు ఊళ్ళ కొనుగోలు నిర్ణయాలు దేశాన్ని రెండుగా చీల్చి అలాగే ఉండిపోయాయి. 2011 మార్చిలో భూకంపం, సునామీ తూర్పున విద్యుత్ కేంద్రాలని దెబ్బతీసినప్పుడు పడమటి నుంచి కరెంటు ఇచ్చిపుచ్చుకునే దారి చాలా ఇరుకు. ఫ్రీక్వెన్సీ మార్చే కేంద్రాల సామర్థ్యం అప్పటికి దాదాపు పది లక్షల కిలోవాట్లే. టోక్యో ప్రాంతం వంతులవారీ కోతలతో గడిపింది. శతాబ్దం కిందట ఎవరో చేసిన పర్చేజ్ ఆర్డరుకి కట్టిన వడ్డీ అది.

ఇక మన సంగతి. మన గోడల్లోని మూడు గుండ్రటి బెజ్జాలు బ్రిటిష్‌వాళ్ళవి. 1934 నాటి ‘బి.ఎస్. 546’ ప్రమాణంలోని 5, 15 యాంపియర్ల ప్లగ్గులే మన చిన్న పిన్నూ, గీజరుకీ ఏసీకీ వాడే ‘పవర్ ప్లగ్గూ’. యుద్ధం తర్వాత లక్షల ఇళ్ళు కట్టుకోవాల్సి వచ్చి, రాగి కరువై, బ్రిటన్ కొత్త పద్ధతికి మారింది. ఇల్లంతా ఒక తీగని చుట్టుగా తిప్పి, ప్రతి ప్లగ్గులో విడిగా ఫ్యూజు పెట్టారు. ఎర్త్ పిన్ను ముందు లోపలికి వెళ్తేనే మిగతా బెజ్జాల మూతలు తెరుచుకుంటాయి, పిల్లలు వేళ్ళు పెట్టకుండా. ఈ పద్ధతికి రూపమిచ్చిన కమిటీలో ఏకైక మహిళ కరొలైన్ హాస్లెట్ అనే ఇంజనీరు. ఈ చదును పిన్నుల ప్రమాణం, ‘బి.ఎస్. 1363’, వెలువడింది 1947లో. మనకి స్వతంత్రం వచ్చిన ఏడాదే! వాళ్ళు పాతది వదిలేశారు, మనం అట్టే పెట్టుకున్నాం. ఇవాళ లండన్‌లో దిగిన తెలుగు విద్యార్థి ప్లగ్గు అక్కడి గోడకి పట్టదు. కానీ అదే దేశంలోని నాటకశాలల్లో, దీపాల కోసం, మన పెద్ద పిన్ను ఇంకా బతికే ఉంది.

వోల్టేజీ తగాదాని తీర్చింది ఒప్పందాలు కాదు, ఎలక్ట్రానిక్స్. ఇప్పటి ఛార్జరు వచ్చిన కరెంటుని ముందు డీసీ చేసి, సెకనుకి వేలసార్లు ఆన్-ఆఫ్ చేస్తూ కావలసినంతే లోపలికి పంపుతుంది. 100 వచ్చినా 240 వచ్చినా సర్దుకుంటుంది. మోటారుకీ హీటరుకీ ఈ తెలివి లేదు. వోల్టేజీ సగమైతే వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే మన వాళ్ళు అమెరికాకి ఫోన్ ఛార్జరు నిశ్చింతగా తీసుకెళ్తారు గానీ, మిక్సీ మాత్రం 110 వోల్టులది వెతికి కొంటారు.

మరి బెజ్జాలని కూడా ఒకటి చేయొచ్చుగా? ప్రయత్నం జరిగింది. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ 1986లో ప్రపంచం మొత్తానికీ ఒక ప్లగ్గు ప్రతిపాదించింది. దాన్ని బ్రెజిల్ మార్పులతో తీసుకుంది, దక్షిణాఫ్రికా తీసుకుంది, ఇంచుమించు అంతే. అదే ఫోన్ల విషయంలో చూడండి. యూరోపియన్ యూనియన్ 2022లో చట్టం చేస్తే, 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకి యూఎస్‌బీ-సీ తప్పనిసరి అయింది. ఫోన్లని మనం కొన్నేళ్ళకే పారేస్తాం, కొత్తవి వాటంతటవే కొత్త దారిలోకొస్తాయి. ఇంటి గోడ యాభై, అరవై ఏళ్ళు ఉంటుంది. కోట్ల గోడలు బద్దలుకొట్టమని ఏ ప్రభుత్వం అడగగలదు? సాఫ్ట్‌వేర్లో పాత కోడ్ ముట్టుకోవడానికి భయపడేవాళ్ళకి ఈ ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు.

దీని ధర ప్రయాణికుడు కడుతున్నాడు, అదీ ఒక్కోసారి భద్రతతో. ‘యూనివర్సల్’ పేరుతో దొరికే చవక అడాప్టర్లు చాలావాటిలో ఎర్త్ కనెక్షనే ఉండదు. ఫోనుకి ఫర్వాలేదు గానీ, మూడు పిన్నుల లాప్‌టాప్‌కి, ముఖ్యంగా రేకు ఒళ్ళున్నదానికి, అది మంచిది కాదు. ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది. లాప్‌టాప్ ఛార్జరు ఇటుకలోంచి గోడకెళ్ళే వైరు చాలావాటికి ఊడొస్తుంది. ఇటుక వైపు ఉండే దాని మూతి కొన్ని అంతర్జాతీయ నమూనాల్లోనే ఉంటుంది. దిగిన ఊళ్ళో అదే మూతి ఉన్న స్థానిక వైరు కొనుక్కుంటే చాలు, అడాప్టరే అక్కర్లేదు.